ముత్యాల గర్భం

పిల్లలు ఆమెను హారనక్క అని పిలిచేవారు. ఆమె స్కూలు వ్యాను నడిపేది. ఒక్కో ఇంటి ముందు ఒక్కో తీరుగా హారన్ మోగించేది. ఒక ఇంటికి రెండు పొట్టి కూతలు, ఇంకో ఇంటికి ఒక పొడుగు కూత, మలుపులో ఉన్న ఇంటికైతే ఏకంగా ఒక దరువు. ఎవరి హారన్ వాళ్ళకు తెలుసు కాబట్టి పిల్లలు నోట్లో ముద్దతోనే పరుగెత్తుకొచ్చేవారు. ఇరుగుపొరుగువాళ్ళు మాత్రం కిటికీలు మూసుకునేవారు.

మనిషి భారీగా ఉండేది. నవ్వితే వ్యాను వెనక సీటు దాకా వినపడేది. కడుపులో ఏదీ దాచుకోలేదు. "దీని నోట్లో నువ్వుగింజ నానదు" అని వాళ్ళక్క చిన్నప్పటి నుంచీ అంటూనే ఉండేది. భర్త ఇందుకు పూర్తిగా విరుద్ధం. లిఫ్టులు బాగుచేసే మెకానిక్. రోజంతా ఇరుకు గోతుల్లో ఒంటరిగా పనిచేసి వచ్చి, ఇంట్లోనూ అలాగే నిశ్శబ్దంగా కూర్చునేవాడు. ఆమె చెబుతుంటే వినడమే ఆయన కాలక్షేపం.

పెళ్ళయి చాలా ఏళ్ళయినా పిల్లలు లేరు. అడిగేవాళ్ళు అడిగి అడిగి అలసిపోయారు. ఎవరైనా కొత్తవాళ్ళు అడిగితే, "ఇంతమంది ఉన్నారుగా, ఇంకెక్కడ కూర్చోబెట్టను?" అని వ్యాను వైపు చెయ్యి చూపించి నవ్వేసేది. ఆ జోకు అరిగిపోయిందని ఆమెకూ తెలుసు. కానీ వేరే జవాబు దొరకలేదు.

అలాంటిది ఒక ఉదయం టెస్ట్ కిట్ మీద రెండు గీతలు వచ్చాయి. భర్త ఆ కిట్‌ను వెలుతురులో పెట్టి, తిప్పి, మళ్ళీ తిప్పి చూశాడు. "ఎవరికీ చెప్పకు, కొన్నాళ్ళు చూద్దాం" అన్నాడు. అక్క ఫోన్లో ఇంకా గట్టిగా చెప్పింది. "మూడో నెల నిండేదాకా నోరు కట్టుకోవే. నీ సంగతి నాకు తెలుసు."

ఆ సాయంత్రానికల్లా స్కూలు గేటు దగ్గర కాపలా ఉండే పెద్దాయనకు తెలిసిపోయింది. మర్నాటికి పిల్లల తల్లులందరికీ తెలిసింది. ఆ తర్వాత వ్యానులో పిల్లలకు ఇంకో పని లేకుండా పోయింది.

ముందు సీట్లో ఎప్పుడూ ఒక పాప కూర్చునేది. ఆపకుండా మాట్లాడుతుందని అందరూ చిలక అనేవారు. ఎక్కగానే దాని మొదటి ప్రశ్న అదే: "అక్కా, బేబీ ఇప్పుడు ఎంతుంది?"

"శనగగింజంత."

వారం తిరిగేసరికి, "ఇప్పుడో?"

"రేగుపండంత."

వెనక సీటు మొత్తం ఓహో అనేది. పేరు పెట్టే బాధ్యత కూడా వాళ్ళే తీసుకున్నారు. రోజూ ఓటింగు, రోజూ కొట్లాట. చివరికి ఒక పేరు నిలబడింది. హారనక్క ఆ పేరును నోట్లో చాక్లెట్టులా చప్పరించుకుంటూ ఇంటికెళ్ళేది.

వాంతులు విపరీతంగా ఉండేవి. మంచినీళ్ళు కూడా లోపల నిలిచేవి కావు. రెండో నెల దాటుతూ ఉండగానే పొట్ట నాలుగో నెలలా కనిపించడం మొదలైంది. ఆమె వ్యాను ఎక్కే పిల్లల్లో ఒక కవల జంట ఉండేది. వాళ్ళ తల్లి గేటు దగ్గర నిలబడి తేరిపార చూసి తేల్చేసింది.

"నాకూ అచ్చం ఇంతేనమ్మాయ్. ఇంత పొట్ట, ఇన్ని వాంతులు. రాసిపెట్టుకో, కవలలే."

"మీ నోటి వాక్కు ఫలించాలి అక్కా!" అంది హారనక్క. ఆ రోజు వ్యాను దిగి నడిచిన నడక చూస్తే ఎవరైనా తొమ్మిదో నెల అనుకునేవారు. నడుం మీద చెయ్యి పెట్టుకుంది. మెట్టు దగ్గర ఆగి నిట్టూర్చింది. ఎవరో కుర్చీ తెచ్చి వేస్తే, అక్కర్లేకపోయినా కూర్చుంది. ఆ తర్వాత రోజుల్లో అన్నిటికన్నా ఎక్కువగా ఆమె తలుచుకుని తలుచుకుని ముడుచుకుపోయింది ఆ కుర్చీనే.

గుండె దడదడలాడేది. గేరు మారుస్తుంటే చేతులు వణికేవి. ఇద్దరున్నారు కదా, ఆ మాత్రం ఉంటుందిలే అనుకుంది.

ఒకరోజు బట్టల మీద నెత్తురు మరక కనిపించింది. భర్త పని మధ్యలో వదిలేసి ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. స్కాన్ గదిలో డాక్టరమ్మ ఒకే చోట మళ్ళీ మళ్ళీ తిప్పి చూసింది. తెరమీద చిన్న చిన్న బుడగలు గుత్తులు గుత్తులుగా ఉన్నాయి.

"దీన్ని ముత్యాల గర్భం అంటామమ్మా" అంది చివరికి.

"ముత్యాలా?" ఒక్క క్షణం అదేదో మంచి కబురనుకుని హారనక్క నవ్వబోయింది.

"పేరుకే ముత్యాలు. కడుపులో బిడ్డా పెరగాలి, బిడ్డకు తిండి అందించే మావీ పెరగాలి. మీకు మావి ఒక్కటే పెరిగింది. అదీ సరిగ్గా కాదు, ఇదిగో ఇలా నీటిబుడగల్లా. గర్భం వచ్చిందని ఒంటికి కబురు పంపే హార్మోన్ మావి నుంచే వస్తుంది. మీ టెస్టులో గీత పడింది దానివల్లే. మీ ఒంట్లో అది మామూలుకన్నా ఎన్నో రెట్లు ఉంది. అందుకే అన్ని వాంతులు. అది మరీ ఎక్కువైతే థైరాయిడ్‌ను కూడా రెచ్చగొడుతుంది. ఆ దడా, ఆ చేతుల వణుకూ అదే."

"మరి బిడ్డ?"

"బిడ్డ మొదటి నుంచీ లేదమ్మా."

భర్త కుర్చీ అంచున కూర్చుని తన అరచేతులు చూసుకుంటున్నాడు. డాక్టరమ్మ ఇద్దరి వైపూ చూసి, "ఇందులో మీ తప్పేమీ లేదు. మొదటి రోజే, అండం దగ్గరే జరిగిన తేడా ఇది. మీరు తిన్నదాని వల్ల, చేసిన పని వల్ల వచ్చింది కాదు" అంది. ఆ మాట భర్త విన్నాడు. హారనక్కకు మాత్రం బిడ్డ లేదన్న మాట దగ్గరే చెవులు మూసుకుపోయాయి.

మత్తిచ్చి గర్భసంచి శుభ్రం చేశారు. ఇంటికి పంపేముందు డాక్టరమ్మ రెండుసార్లు చెప్పింది. "వారం వారం రక్తపరీక్షకు రావాలి. ఆ హార్మోన్ పూర్తిగా పోయేదాకా వదలకూడదు. లోపల రవ్వంత మిగిలినా మళ్ళీ పెరగొచ్చు, పెరిగి ఇంకోచోటికి పాకొచ్చు. ఈలోగా మళ్ళీ గర్భం వద్దు. వస్తే ఏది దేని హార్మోనో మాకు తెలీదు."

ఇంట్లో మంచం మీద పడుకుని గోడ వైపు తిరిగి ఆమె ఆలోచించింది. బిడ్డ పోయింది అంటే జనానికి అర్థమవుతుంది. పక్కన కూర్చుంటారు, చెయ్యి పట్టుకుంటారు. బిడ్డ అసలు లేనే లేదు అని ఎలా చెప్పడం? ఏమీ లేనిదానికి ఊరంతా చాటింపు వేసింది. ఏమీ లేని పొట్ట పట్టుకుని కుర్చీలో కూర్చుంది. 'ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం' అని ఎంతమందిని తను ఎగతాళి చేయలేదు! ఇప్పుడా సామెత తనకోసమే పుట్టినట్టుంది. తలదాచుకునే చోటు దొరకనంత సిగ్గేసింది.

వ్యాను తీయని రోజులకు జ్వరమని మాత్రం కబురు పంపింది. మళ్ళీ పనికి వెళ్ళే రోజున చెప్పేయాలనే అనుకుంది. మొదటి ఇంటి ముందు హారన్ కొట్టింది. పిల్లలు ఎక్కారు. తర్వాత చిలక ఎక్కి, బెల్టు పెట్టుకుని, "అక్కా, జ్వరం తగ్గిందా? బేబీ ఎంతుంది?" అంది.

వెనక సీటు చెవులు రిక్కించింది.

"నిమ్మకాయంత" అంది హారనక్క.

ఆ మాట దానంతటదే వచ్చింది. ఎవరూ అనుమానించలేదు. సాయంత్రం కవలల తల్లి, "నీరసంగా ఉన్నావ్, రెస్టు తీసుకోమ్మాయ్" అంటే తల ఊపింది. రేపు చెబుదాం అనుకుంది. ఆ రేపు వచ్చినప్పుడు ఇంకో రేపు వెతుక్కుంది. భర్తకు ఇవేవీ తెలియవు. అతను తనతో పనిచేసేవాళ్ళకు ఒక్క ముక్కలో చెప్పేసి ఊరుకున్నాడు. ఆమె కూడా చెప్పే ఉంటుందనుకున్నాడు. నోట్లో నువ్వుగింజ నానని మనిషి కదా.

విచిత్రమేమిటంటే వాంతులు పూర్తిగా ఆగలేదు. ఒకరోజు ఎవరూ లేనప్పుడు ఇంకో కిట్ తెచ్చి చూసుకుంది. రెండు గీతలు, చక్కగా, ముదురుగా పడ్డాయి. హార్మోన్ ఇంకా మిగిలి ఉంటే అలాగే వస్తుందని డాక్టరమ్మ చెప్పిన సంగతి ఆమెకు గుర్తుంది. అయినా ఆ గీతల వైపు చూస్తూ స్నానాలగదిలో చాలాసేపు కూర్చుంది. డాక్టర్లు కూడా మనుషులేగా, పొరపాటు పడి ఉండొచ్చుగా అని ఒక ఆలోచన వచ్చింది. అది అబద్ధమని తెలిసి కూడా తరిమేయలేదు. ఇలాంటి కిట్లు ఆమె ఆ తర్వాత కూడా కొన్నది. ఒక్కోదాన్ని చూసి కాగితంలో చుట్టి, ఇంటి చెత్తబుట్టలో కాకుండా దారిలో ఎక్కడో పారేసి వచ్చేది.

మొదట్లో రక్తపరీక్షలకు వెళ్ళింది. అంకె తగ్గుతోందని అన్నారు. ఆ తర్వాతి వారం ల్యాబు కిటికీ దగ్గర వరుసలో నిలబడి ఉండగా లోపల నుంచి తెలిసిన గొంతు వినపడింది. తొంగిచూస్తే చేతికి తొడుగులు వేసుకుని, సూది పట్టుకుని చిలక వాళ్ళమ్మ. ఆమె ల్యాబులో పనిచేస్తుందని తెలుసు. ఈ ఆసుపత్రికి ఎప్పుడు మారిందో తెలియదు. కాగితం చూస్తే చాలు, ఆమెకు అంతా అర్థమైపోతుంది. హారనక్క కాగితాన్ని మడిచి సంచిలో పెట్టుకుని వెనక్కి తిరిగింది.

సాయంత్రం భర్త అడిగాడు. "ఏమన్నారు?"

"తగ్గుతోందట."

ఆ తర్వాతి వారమూ అదే ప్రశ్న, అదే జవాబు. అతను నమ్మాడు. ఆమె మాటల్లో అబద్ధాలుంటాయని అనుకోవాల్సిన అవసరం అతనికి ఎన్నడూ రాలేదు.

పొట్ట మాత్రం ఎవరి మాటా వినలేదు. పెరగాల్సింది తగ్గింది. ఒక ఉదయం హారనక్క అద్దం ముందు నిలబడి, చిన్న తువ్వాలును నాలుగు మడతలు పెట్టి లోపల దోపుకుంది. పైన వదులు చొక్కా వేసుకుంది. పక్కకు తిరిగి చూసుకుంది. ఒక్కసారిగా ఏడుపొచ్చి తీసి విసిరేసింది. వ్యాను తాళాలు తీసుకునే ముందు మళ్ళీ వెళ్ళి ఆ తువ్వాలు తెచ్చుకుంది.

చిలకకు ఇప్పుడు జవాబులు పెద్దవయ్యాయి. బత్తాయంత. జామకాయంత కాదు, దానికన్నా పెద్దది. పిల్లలు బేబీకి వినిపించాలని వరుసగా పాటలు పాడేవారు. ఆమె రోడ్డు వైపు చూస్తూ స్టీరింగు బిగించి పట్టుకునేది. చేతులు మళ్ళీ వణుకుతున్నాయి. కొన్నాళ్ళుగా పొడి దగ్గు కూడా పట్టుకుంది.

అది మధ్యాహ్నం, స్కూలు వదిలిన వేళ. వ్యాను నిండా పిల్లలున్నారు. పెద్ద రోడ్డు మీదికి తిరుగుతుండగా దగ్గు తెర ముంచుకొచ్చింది. కళ్ళు బైర్లు కమ్మాయి. ఎదురుగా వస్తున్న లారీ ఒకటి కాస్తా రెండుగా కనిపించింది. ఎలాగో పక్కకు తీసి, ఒక టైర్ల దుకాణం ముందు ఆపి, బ్రేకు లాగింది. కూర్చున్న సీటు తడిగా అనిపించింది. చెయ్యి పెట్టి చూసుకుంటే ఎర్రగా ఉంది.

చిలక చూసింది. మొదటిసారి దాని నోట మాట రాలేదు. కాసేపటికి, "బేబీ వచ్చేస్తోందా అక్కా?" అంది చిన్నగా.

వెనక ఎవరో ఏడుపు మొదలుపెట్టారు. ఎవరికి ఫోన్ చేయాలి? భర్త ఏ లిఫ్టు గోతిలో ఉన్నాడో. ఆసుపత్రి మాత్రం ఆ రోడ్డు చివరే. అక్కడ తనకు తెలిసిన మనిషి ఒక్కతే. ఎవరి కంట పడకూడదని ఇన్నాళ్ళూ తప్పించుకు తిరిగిందో, ఆమె నంబరే నొక్కింది.

చిలక వాళ్ళమ్మ ల్యాబు కోటుతోనే పరుగెత్తుకొచ్చింది. డ్రైవరు తలుపు తీసి, నెత్తురు చూసి, మణికట్టు పట్టుకుంది.

"అక్కా, ఇప్పుడు ఎన్నో నెల?"

హారనక్క స్టీరింగు మీదికి తల వాల్చింది.

"చెప్పక్కా, అంబులెన్సువాళ్ళకి చెప్పాలి. ఎన్నో నెల నడుస్తోంది?"

"ఏ నెలా కాదు" అంది హారనక్క. "బిడ్డ లేదు. ఎప్పుడో తీసేశారు. అది కూడా బిడ్డ కాదు. ముత్యాల గర్భమట. పరీక్షకి నీ దాకా వచ్చి, నిన్ను చూసి పారిపోయాను."

చిలక వాళ్ళమ్మకు అర్థమైంది. ముఖంలో రంగు మారింది. సాయం పట్టి దింపుతుంటే చొక్కా లోపలి నుంచి మడిచిన తువ్వాలు జారి రోడ్డు మీద పడింది. టైర్ల దుకాణంవాళ్ళు చూశారు. కిటికీలకు ముక్కులు ఆనించి పిల్లలంతా చూశారు. చిలక వాళ్ళమ్మ వంగి దాన్ని తీసి తన కోటు జేబులో కుక్కుకుంది.

రక్తంలో హార్మోన్ మొదటికన్నా ఎక్కువగా ఉంది. మిగిలిపోయిన కణాలు గర్భసంచిలో మళ్ళీ పెరిగాయి. ఊపిరితిత్తుల మీద చిన్న చిన్న మచ్చలు కూడా కనిపించాయి. డాక్టరమ్మ కోప్పడలేదు, అదే ఆమెకు ఎక్కువ బాధేసింది. "మందుకు బాగా లొంగే జబ్బిది, తగ్గుతుంది" అంది. "ఇంజక్షన్లు పడాలి. వారం వారం వచ్చి ఉంటే బహుశా ఇంత దూరం వచ్చేది కాదు."

భర్త గ్రీజు చేతులతో వచ్చాడు. చిలక వాళ్ళమ్మ అప్పటికే పిల్లలందరినీ ఇళ్ళకు చేర్చి, ఆ ఇళ్ళల్లో అడిగినవాళ్ళకు కొంత, అడగనివాళ్ళకు ఇంకొంత చెప్పి ఉంది. మంచం పక్కన కూర్చుని అతను చాలాసేపు ఏమీ అనలేదు. అది అలవాటైన మౌనం కాదని ఆమెకు తెలుస్తూనే ఉంది.

"తిట్టండి" అంది.

"నేనూ దాని తండ్రినే కదా" అన్నాడు అతను. "బిడ్డైనా, బుడగలైనా. నీ ఒక్కదానికే జరిగినట్టు ఎందుకు దాచావ్?" గ్రీజు చేతులు ప్యాంటుకు రుద్దుకుంటూ, "తగ్గుతోందట అన్నావ్ చూడు, ప్రతి వారం. నేను నిజమనుకుని పనిలో ఈల కూడా వేశాను" అన్నాడు.

అప్పటిదాకా ఆమె సిగ్గంతా నలుగురూ నవ్వుతారనే. ఆ మంచం మీదే అది వేరే చోటికి మళ్ళింది. వణికే చేతులతో అంతమంది పిల్లలను పెద్ద రోడ్డు మీద తిప్పింది. ఆ లారీ ఇంకాస్త దగ్గరగా వచ్చి ఉంటే? లేని బిడ్డ పరువు కాపాడుకోవడానికి ఉన్న పిల్లలను పణంగా పెట్టింది. ఈ సిగ్గుకు ఏ సామెతా లేదు.

అక్క వచ్చింది. తలుపు తీయగానే తిట్టడం మొదలుపెట్టి, తిడుతూనే గిన్నెలు తోమి, తిడుతూనే జావ కాచి, మందుకు నోరంతా పూసి మింగలేని చెల్లెలికి చెంచాతో తాగించింది. ఇంజక్షన్లకు జుట్టు పెద్దగా ఊడలేదు కానీ ఒళ్ళంతా పిండిపిండి అయ్యేది. వారం వారం రక్తం తీసేది చిలక వాళ్ళమ్మే. మొదటిసారి సూది గుచ్చేముందు, "నన్ను చూసి పారిపోయావా అక్కా? నేనేం పులినా?" అంది. ఆ గొంతులో కోపమూ ఉంది.

"పులివైతే నయం" అంది హారనక్క. "తినేస్తే అయిపోయేది." ఇద్దరికీ నవ్వు రాబోయి ఆగిపోయింది.

అంకె తగ్గింది. ఒక వారం మొండికేసింది, మందు మార్చారు, మళ్ళీ తగ్గింది. చివరికి హార్మోన్ ఇక లేదని చెప్పిన రోజున భర్త డాక్టరమ్మను ఆ మాట మళ్ళీ ఒకసారి చెప్పమని అడిగాడు. ఇంకో ఏడాది దాకా గర్భం వద్దని, ఆ తర్వాత మామూలుగానే బిడ్డ పుట్టే అవకాశం ఉందని ఆమె చెప్పింది. వాళ్ళు ఆ సంగతి ఇంటికి వెళ్ళాక కూడా మాట్లాడుకోలేదు.

వ్యాను అప్పటికి వేరే డ్రైవరు నడుపుతున్నాడు. అయినా హారనక్క కాస్త కోలుకోగానే క్షమాపణ చెప్పుకోవడానికి ఇంటింటికీ వెళ్ళింది. ఆమెను ఎవరూ పంపలేదు. భర్త తోడొస్తానన్నా వద్దంది. కొందరు లోపలికి పిలిచి కూర్చోబెట్టారు. ఒకామె తనకు పోయిన గర్భాల సంగతి చెప్పుకుని ఏడ్చింది. ఒకాయన, "ముందు బాగుపడమ్మా, తర్వాత చూద్దాం" అని మాట తప్పించాడు.

చిలక తలుపు వెనక దాక్కుంది. వాళ్ళమ్మ పిలిస్తే వచ్చి దూరంగా నిలబడింది.

"బత్తాయంత అని ఎందుకు చెప్పావ్?" అని అడిగింది.

"లేదు అని చెప్పడానికి సిగ్గేసింది" అంది హారనక్క. "తప్పు చేశాను."

"మేం పాటలు పాడాం" అంది చిలక. "ఎవరికి పాడాం మరి?"

"ఎవరికో నాకూ తెలీదమ్మా" అంది హారనక్క.

కవలల తల్లి ఇల్లు చివరికి మిగిల్చుకుంది. అక్కడికి వెళ్ళడానికి ఒకటికి రెండుసార్లు వీధి మొదటి దాకా వచ్చి వెనక్కి పోయింది. ఒక సాయంత్రం చివరికి గంట నొక్కింది. ఆమె తలుపు తీసింది, కానీ పూర్తిగా కాదు.

"అక్కా, మీ పిల్లల్ని ఆ స్థితిలో నడిపాను. నాకు తెలిసే నడిపాను. క్షమించమని అడగడానికి వచ్చాను."

కవలల తల్లి ఒక్కో మాటా ఏరుకుంటున్నట్టు చెప్పింది. "నీ కడుపు సంగతి తెలిసి నాకు జాలేసింది. నిజం చెప్తున్నా, ఆ రోజంతా అన్నం సయించలేదు. కవలలని నేనే అన్నాను, ఆ మాట నన్నూ పొడిచింది. కానీ ఆ మధ్యాహ్నం నా పిల్లలు వ్యాన్లో ఉన్నారమ్మాయ్. అది తలుచుకుంటే నీ ముఖం చూడాలనిపించడం లేదు. ఏం చేయను?"

"ఏం చేయక్కర్లేదు" అంది హారనక్క. "చూడకపోయినా న్యాయమే."

ఎండలో నడిచి వచ్చిన మనిషి చెమటలు కక్కుతోంది. కవలల తల్లి లోపలికి వెళ్ళి గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చి అందించింది. కూర్చోమని అనలేదు. హారనక్క గడప బయటే నిలబడి నీళ్ళు తాగి, గ్లాసు తిరిగి ఆమె చేతికే ఇచ్చి, మెట్లు దిగింది.